కాలికో మిల్లులో ఏడుగురి జట్టు

కర్మాగార నిర్వహణకు సంబంధించిన సిద్ధాంతాలన్నీ అమెరికాలోనో ఇంగ్లండులోనో పుట్టి, అక్కడి పరిశ్రమల్లో పరీక్షకు నిలిచి, ఆ తరువాతే పాఠ్యపుస్తకాల రూపంలో భారతదేశానికి చేరాయన్న అభిప్రాయం వాణిజ్య శాస్త్రం చదివేవారిలో బలంగా నాటుకొని ఉంది. చాలా సిద్ధాంతాల విషయంలో ఇది నిజమే అయినా, పనిని పంచుకొనే అధికారం ఆ పని చేసే జట్టుకే ఉండాలన్న సూత్రం విషయంలో మాత్రం చరిత్ర వేరుగా నడిచింది. ఇంగ్లండు బొగ్గు గనుల్లో ఒక పరిశీలనగా మొదలైన ఆ సూత్రాన్ని ఉద్దేశపూర్వకంగా ఒక కర్మాగారంలో అమలు చేసి, ఫలితాలను అంకెలతో కొలిచి చూసిన తొలి ప్రయోగాల్లో ప్రధానమైనది 1953లో అహ్మదాబాద్‌లోని కాలికో మిల్లు నేత షెడ్డులో జరిగింది. గత భాగంలో చర్చించిన ఫ్రెడరిక్ టేలర్ శాస్త్రీయ నిర్వహణ విధానం, అంటే ప్రతి పనినీ చిన్న చిన్న చర్యలుగా విడగొట్టి, గడియారంతో కొలిచి, ఒక్కొక్క చర్యను ఒక్కొక్కరికి అప్పగించే పద్ధతి, ఎక్కడ తడబడుతుందో ఆ షెడ్డు చూపించినంత స్పష్టంగా మరే పరిశ్రమా చూపించలేదు.

ఈ ప్రయోగం అహ్మదాబాద్‌లోనే ఎందుకు సాధ్యమైందో అర్థం కావాలంటే ఆ నగరపు మిల్లుల స్వభావాన్ని కొంత తెలుసుకోవాలి. రణ్‌ఛోడ్‌లాల్ ఛోటాలాల్ 1861లో తొలి నూలు మిల్లును నడపడం మొదలుపెట్టిన నాటి నుంచి అక్కడి పెట్టుబడి ప్రధానంగా స్థానిక వర్తక కుటుంబాల చేతిలోనే ఉండిపోయింది. తరతరాలుగా ఒకే ఊళ్లో ఉంటూ, ఒకే మహాజన్ వ్యవస్థలో, అంటే వర్తకుల, వృత్తిదారుల శ్రేణుల కట్టుబాట్లలో మెలగిన ఆ కుటుంబాలకు పరువు కూడా మూలధనంలో భాగమే. 1880లో స్థాపితమైన అహ్మదాబాద్ మాన్యుఫ్యాక్చరింగ్ అండ్ కాలికో ప్రింటింగ్ కంపెనీ, జనం నోట కాలికో మిల్లుగా నిలిచిన సంస్థ, సారాభాయ్ కుటుంబానికి చెందినది. 1918లో ప్లేగు బోనస్ రద్దు వల్ల తలెత్తిన వివాదంలో ఆ కుటుంబం రెండు వైపులా నిలబడింది: మిల్లు యజమానుల పక్షాన అంబాలాల్ సారాభాయ్, కార్మికుల పక్షాన ఆయన సోదరి అనసూయాబెన్. యజమానులు 20 శాతం పెంపుకు మించి ఇవ్వబోమనగా, పరిస్థితులను విచారించి 35 శాతం న్యాయమని నిర్ణయించిన గాంధీ ఆ కోరిక మీద కార్మికులను సమ్మెలో నిలబెట్టి, వారి పట్టు సడలుతున్న దశలో మార్చి 15న నిరాహార దీక్షకు పూనుకొన్నారు. మార్చి 18న వివాదాన్ని మధ్యవర్తికి అప్పగించడానికి ఇరు పక్షాలూ అంగీకరించాయి; మధ్యవర్తి ఆనందశంకర్ ధ్రువ చివరికి 35 శాతాన్నే ఖాయం చేశారు.

ఆ సమ్మె మిగిల్చిన ముఖ్యమైన ఫలితం వేతనం పెంపు కన్నా పెద్దది. 1920లో మజూర్ మహాజన్ సంఘం ఏర్పడింది; అదే ఏడు గాంధీ, సేఠ్ మంగళ్‌దాస్ గిరిధర్‌దాస్ సభ్యులుగా శాశ్వత మధ్యవర్తిత్వ మండలి ఏర్పాటైంది. ఏ వివాదమైనా ముందు చర్చకు, ఆపై మధ్యవర్తికి, ఆ తరువాతే సమ్మెకు వెళ్లాలన్న క్రమం నగరంలో దాదాపు ఆచారంగా మారింది. ఈ సంప్రదాయంలో యజమాని పెద్దరికపు ధోరణి చాలా ఉందనీ, కార్మికుడి స్వతంత్ర శక్తిని అది కొంత కుంగదీసిందనీ చేసే విమర్శలో బలం లేకపోలేదు. అయినా, షెడ్డులో పని పద్ధతి మారుస్తామని యాజమాన్యం చెప్పినప్పుడు కార్మికులు ఆ మాటను కనీసం వినడానికి సిద్ధపడే వాతావరణం ఆ మూడు దశాబ్దాల ఆచారం వల్లనే ఏర్పడింది. అటువంటి నమ్మకం లేని చోట ఇదే ప్రయోగం మొదటి రోజే ఆగిపోయి ఉండేది.

స్వాతంత్ర్యం వచ్చే నాటికి అంబాలాల్ తరువాతి తరం బాధ్యతలు చేపట్టింది. విక్రమ్ సారాభాయ్ చొరవతో 1947లో అటీరా అని పిలిచే అహ్మదాబాద్ వస్త్ర పరిశ్రమల పరిశోధన సంఘం ఏర్పడగా, అందులో నూలు, రంగుల మీద పరిశోధనతో పాటు కార్మికుల మనస్తత్వాన్ని, షెడ్డులోని మానవ సంబంధాలను అధ్యయనం చేసే విభాగం కూడా కమలా చౌదరి నాయకత్వంలో పనిచేసింది. విక్రమ్ అన్న గౌతమ్ సారాభాయ్ కాలికో సంస్థకు అధ్యక్షుడు; సోదరి గీరాతో కలిసి కాలికో వస్త్ర ప్రదర్శనశాలను నెలకొల్పినవాడు; ఆయన భార్య కమలినీ సారాభాయ్ మనోవిశ్లేషణలో శిక్షణ పొందినవారు. మనసు గురించిన శాస్త్రానికి మిల్లులో పని ఉందన్న ఆలోచన ఆ ఇంటికి కొత్త కాదు కాబట్టి, లండన్ నుంచి వచ్చిన ఒక సలహాదారుకు తమ షెడ్డు తలుపు తెరవడానికి గౌతమ్‌కు సంకోచం కలగలేదు.

ఆ సలహాదారు పేరు ఆల్బర్ట్ కెన్నెత్ రైస్. ఆయన పనిచేసిన సంస్థ టావిస్టాక్ మానవ సంబంధాల సంస్థ. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యానికి అధికారుల ఎంపికలోను, యుద్ధం వల్ల మనసు దెబ్బతిన్న సైనికుల చికిత్సలోను పాల్గొన్న మనోవైద్యులు, సామాజిక శాస్త్రజ్ఞులు యుద్ధానంతరం తమ అనుభవాన్ని పరిశ్రమలకు అన్వయించాలని లండన్‌లో నెలకొల్పుకొన్న సంస్థ అది. ఆ సంస్థకు చెందిన ఎరిక్ ట్రిస్ట్, స్వయంగా బొగ్గు గనిలో పనిచేసి వచ్చిన కెన్ బామ్‌ఫర్త్ కలిసి 1951లో ప్రచురించిన ఒక వ్యాసం ఈ చరిత్రకు మూలం. పాత పద్ధతిలో ఇద్దరు ముగ్గురు గని కార్మికులు ఒకరినొకరు ఎంచుకొని, బొగ్గును తవ్వడం నుంచి బండికి ఎత్తడం వరకు అన్నీ తామే చేసుకొనేవారు. యంత్రాలు వచ్చాక లాంగ్‌వాల్ అనే కొత్త పద్ధతిలో ఒక షిఫ్టు బొగ్గు పొరను కోయగా, మరొకటి యంత్రాలను, దూలాలను ముందుకు జరపగా, ఇంకొకటి బొగ్గును ఎత్తిపోసేది. యంత్రం మెరుగైనా ఉత్పత్తి ఆశించినంత పెరగలేదు. గైర్హాజరీలు, షిఫ్టుల మధ్య నిందలు పెరిగాయి. ఒక షిఫ్టు చేసిన లోపం మరొక షిఫ్టు నెత్తిన పడేది, మొత్తం పనికి బాధ్యుడు ఎవరూ ఉండేవారు కాదు. ప్రతి పని స్థలంలోనూ యంత్రాల అమరిక ఒకటి, మనుషుల అమరిక ఒకటి ఉంటాయనీ, ఈ రెండింటినీ కలిపి ఒకే వ్యవస్థగా రూపొందించకుండా యంత్రానికి అనువుగా మాత్రమే మనుషులను పేర్చితే యంత్రపు లాభం కూడా దక్కదనీ వారు తేల్చారు. నిర్వహణ శాస్త్రంలో సామాజిక-సాంకేతిక వ్యవస్థ అనే మాటకు అర్థం ఇదే. గనుల్లో వారు చేసింది చాలా వరకు పరిశీలనే. మార్చి చూసే అవకాశం కాలికో మిల్లు ఇచ్చింది.

కాలికోలో సమస్య కొత్త మగ్గాలతో మొదలైంది. సాధారణ మరమగ్గం మీద, సిరిసిల్లలో సాంచా అని పిలిచే యంత్రం మీద, నాడెలోని కండె ఖాళీ కాగానే నేతగాడు మగ్గాన్ని ఆపి కొత్త కండె పెట్టాలి. పడుగు పోగు తెగితే కనిపెట్టి అతకాలి. నేసిన గుడ్డను చూసుకోవాలి. అందువల్ల మిల్లుల్లో ఒక మనిషికి మామూలుగా రెండు మగ్గాలు అప్పగించేవారు. 1890లలో అమెరికాలో నార్త్రప్ రూపొందించిన సూత్రం మీద నడిచే స్వయంచాలక మగ్గం ఈ లెక్కను మార్చింది. పేక నూలు అయిపోవచ్చిందని ఫీలర్ అనే మీట గుర్తించగానే, పక్కన బ్యాటరీ అనే గుండ్రని అరలో వరుసగా పేర్చి ఉంచిన కండెల్లోంచి ఒకటి, మగ్గం ఆగకుండానే నాడెలోకి దిగుతుంది. పడుగు పోగు తెగితే దాని మీద వేలాడే సన్నని లోహపు పలక జారిపడి మగ్గం దానంతట అదే ఆగుతుంది. నేతగాడు మగ్గం ముందు కాపలా ఉండనక్కరలేదు కాబట్టి ఒక్కొక్కరికి పదుల కొద్దీ మగ్గాలు అప్పగించవచ్చునని యంత్రాల లెక్క చెబుతుంది.

1952లో కాలికో యాజమాన్యం ఈ మగ్గాలను ప్రత్యేక షెడ్డులో ఏర్పాటు చేసి, కాలమాన అధ్యయనం చేయించి, అంటే ప్రతి చర్యకు పట్టే సమయాన్ని కొలిపించి, దాని ప్రకారం మనుషులను నియమించింది. 224 మగ్గాలకు 29 మంది. ఆ 29 మందికి 12 రకాల పనులు. మగ్గాలను చూసుకొని తెగిన పోగులు అతికే నేతగాళ్లు 8 మంది కాగా, బ్యాటరీల్లో కండెలు నింపేవారు అయిదుగురు, పడుగు గుత్తగా తెగిపోయినప్పుడు సరిచేసేవారు ముగ్గురు. పడుగు అయిపోయిన మగ్గానికి కొత్త బీమును ఎక్కించేవారు ఇద్దరు. మగ్గాల మరమ్మతు చూసే జాబర్లు ఇద్దరు, వారికి సహాయకులు ఇద్దరు. కండెలు చేరవేసేవారు ఇద్దరు. వీరు కాక నేసిన గుడ్డను మోసుకుపోయేందుకు ఒకరు, ఫీలర్ మీటలను సరిచేసేందుకు ఒకరు, నూనె వేసేందుకు ఒకరు, ఊడ్చేందుకు ఒకరు, గాలిలో తేమను కాపాడే పరికరాలను చూసేందుకు ఒకరు ఉండేవారు. అహ్మదాబాద్ వంటి పొడి వాతావరణంలో తేమ తగ్గితే నూలు పెళుసెక్కి తెగుతుంది కాబట్టి ఈ చివరి పని కూడా చిన్నది కాదు. కాగితం మీద ఈ పంపకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. టేలర్ 1911లో ప్రకటించిన సూత్రాలకు ఇది తు.చ. తప్పని అన్వయం. అయితే నెలలు గడిచినా ఉత్పత్తి గాని నాణ్యత గాని ఆశించిన స్థాయికి చేరలేదు. నేతలో సామర్థ్యం అంటే మగ్గం ఆగకుండా నడిస్తే పడవలసిన పేకల్లో నిజంగా పడినవి ఎన్ని శాతమో చెప్పే కొలత. అది 80 శాతం దగ్గరే నిలిచిపోయింది. లోపాలతో బయటికొచ్చే గుడ్డ 32 శాతం దాకా ఉండేది. ఇంత ఖరీదైన యంత్రాలు పెట్టి పాత మగ్గాల స్థాయి ఫలితంతో సరిపెట్టుకోవడం ఏ సంస్థకైనా భారమే.

సిబ్బంది బద్ధకం, భారతీయ కార్మికుడి అలవాట్లు, యంత్రం తెలియకపోవడం వంటి కారణాలు ఇటువంటి సందర్భాల్లో తేలికగా వినిపిస్తాయి. 1953 మార్చి నాటికి షెడ్డును పరిశీలించడం మొదలుపెట్టిన రైస్ గొప్పదనం ఏమిటంటే, ఆయన కార్మికుడి స్వభావాన్ని పక్కన పెట్టి పనుల పంపకాన్నే లెక్క వేసి చూశారు. ఎనిమిది మంది నేతగాళ్లకు అయిదుగురు కండెలు నింపేవారు ఉన్నారంటే, ఒక్కొక్క నేతగాడి మగ్గాలకు దక్కేది ఒక మనిషిలో ఎనిమిదింట అయిదు వంతులు. పడుగు సరిచేసేవాడిలో ఎనిమిదింట మూడు వంతులు. జాబర్‌లో పావు వంతు. గుడ్డ మోసేవాడిలో ఎనిమిదో వంతు. ఒక మగ్గం నడవడానికి ఇందరి పని ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉండగా, ఫలానా మగ్గాలు ఫలానా మనుషులవన్న సరిహద్దు మాత్రం ఎక్కడా లేదు. పడుగు సరిచేసేవాడు ఒక నేతగాడి దగ్గర ఉండగా మరొకరి మగ్గాలు ఆగి ఉంటే, ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పగలిగేవారు లేరు. వెళ్లనందుకు కోపం మాత్రం అతని మీదే వచ్చేది. ఎవరి పని వారు శ్రద్ధగా చేస్తూనే అందరూ కలిసి వెనకబడే స్థితి అది.

కాలమాన అధ్యయనంలోని మరొక బలహీనతను కూడా ఈ షెడ్డు బయటపెట్టింది. గడియారం కొలిచిన భారం ఒక రకం నూలుకు, ఒక రకం గుడ్డకు మాత్రమే సరిపోతుంది. ముతక పేక వాడే గుడ్డ నేసే వారం కండెలు త్వరగా ఖాళీ అయి నింపేవారికి ఊపిరి సలపదు, అదే సమయంలో గట్టి పడుగు వల్ల పోగులు తెగక నేతగాడికి తీరిక దొరుకుతుంది. సన్న నూలుకు మారగానే ఈ లెక్క తలకిందులై నేతగాడికి, పడుగు సరిచేసేవారికి క్షణం తీరిక ఉండదు, కండెలు నింపేవారు ఎదురుచూస్తూ ఉంటారు. బజారు కోరికను బట్టి గుడ్డ రకాలు మారుతూ ఉండే మిల్లులో ఎవరి పనీ స్థిరంగా ఉండదు. అయినా తన పేరుకు రాసిన పనిని దాటి పక్కవారికి చేయి అందించే వీలు ఆ పన్నెండు గళ్ల పంపకంలో లేదు. నేత పనిని పద్మశాలి ఇళ్లలో చూసిన తెలుగువారికి ఈ లోపం మరింత సులభంగా అర్థమవుతుంది. ఆ ఇళ్లలో కండెలు చుట్టే చేతులు, ఆసు పోసే చేతులు, మగ్గం మీద చేతులు వేరువేరైనా, చీర ఎప్పటికి దిగాలో అందరికీ తెలుసు, ఎవరి పని వెనకబడితే అటు మిగతావారు మళ్లుతారు. మిల్లులో పోయినది నైపుణ్యం కాదు, ఆ ఉమ్మడి లెక్క.

రైస్ అధ్యక్షుడితోను, మిల్లు మేనేజర్‌తోను, నేత విభాగపు అధికారులతోను చర్చించి ప్రతిపాదించిన మార్పు చాలా చిన్నది: కొన్ని మగ్గాల సముదాయానికి కొందరు మనుషుల జట్టు మొత్తంగా బాధ్యత వహించాలి. ఆ ఆలోచన పైఅధికారుల నుంచి సూపర్‌వైజర్లకు, వారి నుంచి షెడ్డులోకి చేరిన తరువాత జరిగినది రైస్‌ను సైతం ఆశ్చర్యపరచింది. సలహాదారులు వివరమైన పథకం తయారుచేసేలోగానే కార్మికులూ సూపర్‌వైజర్లూ దాన్ని తమదిగా చేసుకొని, ఎవరు ఎవరితో కలిసి పనిచేయాలో తామే మాట్లాడుకొని, ఏడుగురేసి జట్లను కూర్చుకొన్నారు. ఒకరినొకరు ఎంచుకొన్నవారు కాబట్టి ఇమడని వారు మరొక జట్టుకు మారే వీలు కూడా పెట్టుకొన్నారు. పన్నెండు పేర్లున్న పనులు జట్టులోపల కలిసిపోయాయి. జట్టుకొక నాయకుడు ఉండి సూపర్‌వైజర్‌తో మాట్లాడేవాడు. ఇదివరకు పన్నెండు రకాల ఫిర్యాదులను విని తీర్పు చెప్పవలసిన సూపర్‌వైజర్‌కు ఇప్పుడు జట్టు నాయకులతో మాట్లాడితే సరిపోయేది. టావిస్టాక్ పరిభాషలో దీన్ని పాక్షిక స్వయంపాలన జట్టు అంటారు. ఎంత గుడ్డ, ఏ నాణ్యతతో నేయాలన్నది సంస్థ నిర్ణయిస్తుంది, దాన్ని లోపల ఎలా పంచుకొని సాధించాలన్నది జట్టు నిర్ణయిస్తుంది అన్నదే ఆ మాటకు అర్థం.

ఫలితాలు వెంటనే సాఫీగా రాలేదు. తొలి రోజుల్లో ఒడిదుడుకులు కనిపించినా, జట్లు నిలదొక్కుకొన్న తరువాత సామర్థ్యం 95 శాతానికి చేరింది, లోపాలున్న గుడ్డ 32 శాతం నుంచి 20 శాతానికి దిగింది. అదే షెడ్డులో పాత పంపకం ప్రకారమే నడిచిన పక్క భాగంలో సామర్థ్యం మొదట 70 దాకా పడిపోయి మళ్లీ 80కి చేరగా, లోపాలు రమారమి 31 శాతం దగ్గరే ఉండిపోయాయి. యంత్రాలు అవే, ఇంటి కప్పు అదే, నూలు అదే కాబట్టి ఈ తేడాకు మనుషుల అమరికే కారణమన్న రైస్ నిర్ధారణను తోసిపుచ్చడం కష్టం. బయటివారు వచ్చి శ్రద్ధగా గమనిస్తున్నారన్న స్పృహ వల్లనే కార్మికులు కొంతకాలం ఎక్కువ పనిచేస్తారన్న వాదన, అమెరికాలోని హాథార్న్ కర్మాగారపు ప్రయోగాల నుంచి వచ్చినది, ఇక్కడ కూడా వర్తిస్తుందని కొందరు అనవచ్చు. దానికి సమాధానం కాలమే చెప్పాలి. కాలం ఏమి చెప్పిందన్నదే ఈ ప్రయోగంలో అత్యంత విలువైన భాగం.

అక్కడి నుంచి జట్టు పద్ధతి స్వయంచాలక మగ్గాలతో ఆగక సాధారణ మగ్గాల షెడ్డుకు కూడా విస్తరించింది. మూడో షిఫ్టు పెట్టవలసి వచ్చినప్పుడు అనుభవం ఉన్నవారు కొత్త జట్లకు చెదిరిపోగా, కొత్తవారితో కలిసిన జట్లు తడబడి, ఒత్తిడి పెరిగినకొద్దీ ఎవరి పని వారిదేనన్న పాత ధోరణికి జారాయి. శిక్షణకు సమయమిచ్చి, మనుషుల కొరత తీర్చిన తరువాతే తిరిగి కోలుకొన్నాయి. ఈ అనుభవాలన్నిటినీ, సంస్థ పైస్థాయి నిర్వహణలో తాను సూచించిన మార్పులనూ కలిపి రైస్ 1958లో ‘ప్రొడక్టివిటీ అండ్ సోషల్ ఆర్గనైజేషన్: ది అహ్మదాబాద్ ఎక్స్‌పెరిమెంట్’ అనే గ్రంథంగా ప్రచురించారు. ప్రతి సంస్థకూ తాను మనుగడ సాగించాలంటే తప్పక చేయవలసిన పని ఒకటి ఉంటుందనీ, దాన్ని ప్రధాన కర్తవ్యంగా గుర్తించి జట్ల సరిహద్దులను ఆ కర్తవ్యం చుట్టూ గీయాలనీ ఆయన ప్రతిపాదించిన భావన నిర్వహణ శాస్త్రంలో స్థిరపడింది. నేత షెడ్డులో గీత ఎక్కడ గీయాలో మగ్గాలే చెప్పాయి. కార్యాలయాల్లో, ఆసుపత్రుల్లో, పాఠశాలల్లో ఆ గీత ఎక్కడుందో వెతకడానికే చాలా శ్రమ అవసరమవుతుంది. ఈ సూత్రాన్ని అనుకరించిన అనేక సంస్థలు విఫలమైనది ఇక్కడే: అవి జట్టు అన్న పేరును తీసుకొన్నాయి, జట్టు తనదిగా చూసుకోగల పూర్తి పనిని ఇవ్వలేదు.

రైస్ 1969లో మరణించారు. మరుసటి ఏడాది టావిస్టాక్‌కే చెందిన ఎరిక్ మిల్లర్ కాలికోకు తిరిగి వెళ్లి, ఒకటిన్నర దశాబ్దం తరువాత ఆ జట్లలో ఏమి మిగిలిందో పరిశీలించి, 1975లో తన అధ్యయనాన్ని ప్రచురించారు. సలహాదారుల వర్గం తమ పాత ప్రయోగాన్ని ఇంత కాలం తరువాత తామే పరీక్షకు పెట్టడం, అందులోని వైఫల్యాన్ని దాచకుండా అచ్చు వేయడం నిర్వహణ శాస్త్ర చరిత్రలో అరుదైన విషయం. ఆయన కనుగొన్నది మిశ్రమమైన చిత్రం. ఒక షెడ్డులో జట్టు పద్ధతీ, దాని ఫలితాలూ దాదాపు మార్పు లేకుండా నిలిచి ఉన్నాయి. మిగిలిన చోట్ల వివిధ స్థాయుల్లో అది కరిగిపోయి, పనులు మళ్లీ విడివిడి మనుషుల పేర్ల మీదికి చేరాయి. నిలిచిన చోటుకూ కరిగిన చోటుకూ తేడా జట్టు సభ్యుల మంచితనంలో లేదు. బజారు మార్పులతో గుడ్డ రకాలు పెరిగి, నూలు నాణ్యత, సిబ్బంది లభ్యత నిలకడ కోల్పోయిన చోట, ఆ కుదుపులను షెడ్డు గుమ్మం దగ్గరే ఆపి జట్టుకు స్థిరమైన పరిస్థితిని కల్పించవలసిన పర్యవేక్షకులు ఆ పని వదిలి, జట్టులోపలి పంపకంలో తలదూర్చారు. అలా తలదూర్చిన కొద్దీ జట్టు తన బాధ్యతను వదులుకొంది.

పై ఫలితం హాథార్న్ వాదనకు గట్టి సమాధానం; పదహారేళ్ల పాటు నిలిచిన పనితీరును పరిశీలకుల మీది మోజుతో వివరించడం సాధ్యం కాదు. అదే సమయంలో రైస్ అభిమానులకు కూడా అది హెచ్చరిక. జట్టుకు స్వేచ్ఛ ఇస్తే అది తనంతట తానే నిలుస్తుందన్న నమ్మకం తప్పు. మంచి నూలు సకాలంలో అందించడం, గుడ్డ రకాలను విచక్షణతో మార్చడం, శిక్షణ పొందిన మనిషిని మరో చోటికి లాగకుండా ఉండడం వంటి బాధ్యతలను పైవారు ఆపకుండా నెరవేర్చినంత కాలమే కిందివారి స్వేచ్ఛకు అర్థం ఉంటుంది. అధికారాన్ని కిందికి అప్పగించాక అధికారికి పని తగ్గుతుందని చాలా సంస్థలు భావిస్తాయి. కాలికో అనుభవం ప్రకారం అతని పని షెడ్డు లోపలి నుంచి గుమ్మం దగ్గరికి మారుతుంది, అంతే గాని ఏమాత్రం తేలిక కాదు.

ఈ ప్రయోగం గురించిన రచనల్లో ఒక అన్యాయం మాత్రం సరిదిద్దకుండానే మిగిలిపోయింది. సూత్రానికి రైస్ పేరు, అవకాశానికి గౌతమ్ సారాభాయ్ పేరు, పునఃపరిశీలనకు మిల్లర్ పేరు చరిత్రలో నిలిచాయి. పైనుంచి వచ్చిన ఒక అస్పష్టమైన సూచనను అందుకొని, ఏడుగురి జట్టు అనే స్పష్టమైన రూపాన్ని తామే కల్పించి, మగ్గాల మధ్య నడిచి దాన్ని నిజం చేసిన నేతగాళ్లు, కండెలు నింపేవారు, జాబర్లు పాఠ్యపుస్తకాల్లో సంఖ్యలుగానే కనిపిస్తారు. ప్రయోగంలో అత్యంత మౌలికమైన ఆవిష్కరణ వారిదేనని రైస్ కథనమే సూచిస్తున్నప్పుడు, దాన్ని లండన్ సిద్ధాంత విజయంగా మాత్రమే బోధించడం సరికాదు. 1961లో అహ్మదాబాద్‌లోనే హార్వర్డ్ సహకారంతో భారతీయ నిర్వహణ సంస్థ, ఐఐఎం, ఏర్పడి, విదేశీ సంస్థల ఉదాహరణలతో పాఠాలు మొదలైనప్పుడు, ఆ తరగతి గదులున్న నగరంలోనే ఈ షెడ్డు నడుస్తూ ఉంది. దేశంలోని వాణిజ్య విద్యాలయాలు, హైదరాబాదు, విశాఖపట్నాల్లోనివి సహా, ఈ ప్రయోగాన్ని తమ పాఠ్యక్రమంలో పూర్తి వివరాలతో చేర్చుకోవలసిన అవసరం ఇప్పటికీ ఉంది.

దేశంలో కార్మికుల భాగస్వామ్యం అన్న మాట ఆ తరువాత చట్టాల దారి పట్టింది. 1958లో సంయుక్త నిర్వహణ మండళ్ల పథకం వచ్చింది. 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణ పరిశ్రమల నిర్వహణలో కార్మికుల భాగస్వామ్యాన్ని 43-ఎ అధికరణంగా ఆదేశిక సూత్రాల్లో చేర్చింది. ఇవి సమావేశపు బల్ల దగ్గర ప్రతినిధికి ఒక కుర్చీ ఇచ్చాయే గాని, మగ్గం దగ్గర పనిని ఎలా పంచుకోవాలన్న ప్రశ్న జోలికి వెళ్లలేదు. ఆ ప్రశ్నను ముందుకు తీసుకువెళ్లినవారు 1960లలో నార్వే పరిశ్రమల్లో ఐనార్ థోర్స్‌రుడ్, ఫ్రెడ్ ఎమరీ. ఆపై స్వీడన్ కార్ల పరిశ్రమ. కాలికో మిల్లు మాత్రం ఆ దారిలో ఎక్కువ కాలం ఉండలేదు. 1980ల నుంచి అహ్మదాబాద్ మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడి వేలాది కార్మికులు వీధిన పడిన క్రమంలో, 1990లలో అది కూడా మూతపడింది. మరమగ్గాల పోటీ, మారిన గుడ్డల అభిరుచి, కాలం చెల్లిన యంత్రాలు, పెట్టుబడి ఇతర రంగాలకు మళ్లడం కలిసి తెచ్చిన ఆ పతనాన్ని షెడ్డులోని పని పంపకం ఎంత మంచిదైనా ఆపగలిగేది కాదు. ఆ పతనానికి ఏడుగురి జట్టు పద్ధతిని బాధ్యం చేయడమూ న్యాయం కాదు.

స్వీడన్‌లోని కాల్మార్‌లో 1974లో వోల్వో సంస్థ జట్ల కోసమే భవనాన్ని కట్టి ప్రారంభించిన కార్ల కర్మాగారం, 1994లో అది మూతపడిన కారణాలు వచ్చే భాగంలో.